పొలమారని గొట్టం

అన్నం తింటూ పొలమారితే మా నాయనమ్మ నడినెత్తిన రెండుసార్లు తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు, మంచినీళ్లు తాగు" అనేది. తలుచుకున్నది ఎవరో తేలేలోగా దగ్గు తగ్గిపోయేది. మా తాత సాలూరు నుంచి ఘాట్ ఎక్కి జయపురం వచ్చి స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. గొంతు వెనక రెండు దారులు ఉంటాయని నేను మొదట చదువుకున్నది శ్వాసనళి, ఖాద్యనళి అనే పేర్లతోనే. ముందున్నది గాలికి, వెనకున్నది మెతుకుకు. మెతుకు పొరపాటున ముందు దారిలోకి తొంగి చూస్తే చాలు, ఒళ్లంతా గగ్గోలు పెడుతుంది. కళ్లలో నీళ్లు, ముక్కులో మంట, ఇల్లు అదిరే దగ్గు.

దీనికి తిరగబడ్డ పొరపాటు ఒకటి ఉంది. గాలి మెతుకు దారిలో పడటం. దానికి ఒళ్లు ఏమీ అనదు. మహా అయితే ఒక తేనుపు. అందుకే కాబోలు, పొలమారడం లాంటి చక్కటి మాట దానికి మన భాషలో పుట్టలేదు. మామూలు మనిషికి ఆ మాటతో పని లేదు. స్పృహ లేని మనిషి గొంతులో ప్లాస్టిక్ ట్యూబు వేసి, బ్యాగు నొక్కి ఊపిరి ఇచ్చే మాలాంటి వాళ్లకే పని. ట్యూబు వెనక దారిలో పడితే నొక్కిన గాలి అంతా కడుపులోకి పోతుంది. నొక్కుతున్న చేతికి తేడా తెలియదు, చూస్తున్న కంటికి తెలియదు. రోగి దగ్గడు, ఎందుకంటే దగ్గలేని స్థితిలో ఉన్నాడనే ట్యూబు వేశాము.

పద్నాలుగేళ్లుగా అంబులెన్సులో ఈఎంటీగా, అంటే దారిలో రోగికి అత్యవసర వైద్యసాయం చేసేవాడిగా, పని చేస్తున్నాను. ఎక్కువ భాగం కొరాపుట్ జిల్లా నుంచి విశాఖపట్నం వెళ్లే కేసులే. జయపురం, కొరాపుట్, సునాబెడ, సెమిలిగుడ, పొట్టంగి, సుంకి, ఘాట్ దిగితే సాలూరు, అక్కడి నుంచి విజయనగరం మీదుగా విశాఖ. రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దారి. ఆ దారి మీద నేర్చుకున్న ఒక్క సంగతి కోసం ఇదంతా రాస్తున్నాను: ట్యూబు గాలి దారిలోనే ఉందనడానికి, రోగి వదిలిన గాలిలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) తిరిగి రావడమే సాక్ష్యం. ఆ వాయువును కొలిచే సాధనం లేని చోట ట్యూబు వేయకూడదు, ట్యూబు ఉన్న రోగిని అది లేని బండిలో ఎక్కించకూడదు. కటువుగా ఉందని చాలామంది అన్నారు. నేనే ఒకప్పుడు అన్నాను.

వానాకాలం, రాత్రి రెండు దాటింది. ఇరవై రెండేళ్ల అమ్మాయి, జయపురం పక్క ఊరి తెలుగు కుటుంబం. నేల మీద పడుకుని ఉండగా కట్లపాము కరిచింది. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి పెట్టదు, గాటు కూడా సరిగా కనిపించదు. ఆ అమ్మాయికి మొదట కడుపునొప్పి, తరువాత రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, ఆ తరువాత ఊపిరి కండరాలు చచ్చుబడటం. విరుగుడు మందు ఎక్కించారు గానీ, కట్లపాము విషం నరాల చివర పట్టిన పట్టును ఆ మందు వెంటనే విడిపించలేదు. రోజుల తరబడి ఎవరో ఒకరు ఊపిరి ఇస్తూ ఉండాలి. గుండె గట్టిది, ఊపిరితిత్తులు గట్టివి, గాలి ఇస్తే చాలు బతుకుతుంది. చికిత్సలో ఇంత తేలిక లెక్క మరొకటి ఉండదు, పొరపాటు చేస్తే ఇంత పెద్ద పాపమూ ఉండదు.

ట్యూబు ఆసుపత్రిలోనే వేశారు. సరిగ్గానే వేశారు. పైపళ్ల దగ్గర 21 సెంటీమీటర్ల గీత ఉన్నట్టు చీటీలో రాసి ఇచ్చారు. స్టెతస్కోపు పెట్టి రెండు వైపులా విన్నాను, బాగుంది. మా బండిలో అప్పట్లో ఉన్నది గుండె గీత, వేలికి తొడిగే ఆక్సిజన్ క్లిప్పు చూపించే మానిటరు ఒక్కటే. ఆక్సిజన్ 98 ఉంది. వెంట ఆమె అన్న ఎక్కాడు. జయపురం సంతలో చింతపండు, అల్లం తూచే కాటా అతనిది.

పొట్టంగి చేరబోతుండగా బండి ఆపాము. సిలిండర్ మార్చాలి, నోటి నుంచి కారిన చొంగతో తల కింది గుడ్డ తడిసిపోయింది, దాన్నీ మార్చాలి. తల కాస్త ఎత్తి, వెనక్కి వంచి, పాత గుడ్డ లాగి కొత్తది వేశాను. అంతే చేశాను. పొట్టంగి దాటుతుండగా మానిటరు మీద 94. నేను చూసింది ఆమె వేలివైపు. వేళ్లు చల్లగా ఉన్నాయి, గోళ్లకు గోరింటాకు ఉంది. క్లిప్పు తీసి రెండో చేతికి తగిలించాను. 91. క్లిప్పు పాతదైపోయింది అనుకున్నాను. 88. సిలిండర్ మీటరు చూశాను, నిండుగా ఉంది. స్టెతస్కోపు పెట్టాను. ఘాట్ మలుపుల్లో ఇంజను మోత, అద్దాల గలగల, వాన. ఆ మోతలో ఏదో వినిపించింది. ఊపిరి శబ్దమే అనుకున్నాను, ఎందుకంటే నాకు అదే కావాలి. 79. గుండె వేగం మొదట పెరిగింది, ఇప్పుడు తగ్గడం మొదలైంది.

"బాబూ, పాప పొట్ట చూశావా?" అన్నాడు డ్రైవరు. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద, నేను బాబాయ్ అని పిలుస్తాను. వెనక అద్దంలోంచి ఆయనకు కనిపించింది, పక్కనే కూర్చున్న నాకు కనిపించలేదు. పొట్ట డప్పులా ఉబ్బి ఉంది. అప్పుడు టార్చి వేసి నోటి దగ్గర చూశాను. చొంగకు ప్లాస్టరు ఊడిపోయి ఉంది. పళ్ల దగ్గర 21 ఉండాల్సిన చోట 17 ఉంది, అంటే ట్యూబు నాలుగు సెంటీమీటర్లు బయటికి జారింది.

ట్యూబు లాగేశాను. నోట్లో గాలిగొట్టం పెట్టి, మాస్కు అదిమి, బ్యాగు ఆమె అన్న చేతిలో పెట్టాను. నేను రెండు చేతులా మాస్కు, దవడ పట్టుకున్నాను. "అయిదు లెక్కపెట్టు, ఆరోదానికి నొక్కు" అన్నాను. అతను పైకే లెక్కపెట్టాడు, తెలుగులో, సాలూరు దాకా. రెండు నిమిషాల్లో అంకె 80లు దాటింది, మరో రెండు నిమిషాల్లో 95. సాలూరులో ఒక వైద్యుడు మళ్లీ ట్యూబు వేశాడు. అమ్మాయి తొమ్మిదో రోజున నడిచి ఇంటికి వెళ్లింది.

నెల తరువాత సంతలో ఆమె అన్న కనిపించాడు. ఆ రాత్రి అసలు ఏం జరిగిందో దాచకుండా చెప్పాను. అతను కోప్పడలేదు. కాసేపు కాటా ముల్లు వైపు చూసి, "అంటే మీరు సరుకును తూచకుండా పుచ్చుకున్నారు, దారిలోనూ తూచలేదు" అన్నాడు. ఆ మాటను ఏ శిక్షణ తరగతిలోనూ ఎవరూ నాకు అంత సూటిగా చెప్పలేదు.

నేను అయిదారు నిమిషాలు వేలిని తిట్టుకుంటూ గడిపాను. ఈ పనిలో ఉన్నవారిని ఎవరిని కదిపినా ఇలాంటి అయిదు నిమిషాలు ఒకటి బయటపడుతుంది. క్లిప్పు అబద్ధం చెప్పలేదు, ఆలస్యంగా చెప్పింది. నిండా ఆక్సిజన్ పట్టించిన మనిషికి గాలి ఆగిపోయినా ఊపిరితిత్తుల్లో, రక్తంలో ఉన్న నిల్వ కొన్ని నిమిషాలు అంకెను నిలబెడుతుంది. అంకె పడటం మొదలయ్యేసరికి పొరపాటు జరిగి చాలాసేపు అయి ఉంటుంది. అది ఇల్లు కాలాక వచ్చే పొగ కబురు.

మిగతా గుర్తులు ఇంకా ఘోరం. ట్యూబు లోపల ఆవిరి పట్టింది, అంటే ఊపిరితిత్తుల్లోనే ఉంది అంటారు. కడుపులో కూడా తడి, వెచ్చదనం ఉన్నాయి; అక్కడి నుంచీ ఆవిరి పడుతుంది. ఛాతీ లేస్తోంది అంటారు. పొట్ట ఉబ్బుతుంటే పక్కటెముకలు కూడా లేస్తాయి. రెండు వైపులా శబ్దం విన్నాను అంటారు. కడుపులోకి పోయే గాలి చప్పుడు సన్నటి మనుషుల్లో, పిల్లల్లో ఛాతీ దాకా చక్కగా వినిపిస్తుంది. వినడం వద్దని కాదు. ముందు పొట్ట పైభాగం మీద, ఆ తరువాత రెండు చంకల కింద స్టెతస్కోపు పెట్టడం నేను ఈరోజుకీ మానలేదు. ట్యూబు మరీ లోతుకు దిగి ఒకే ఊపిరితిత్తిలోకి పోతే కనిపెట్టేది ఆ వినికిడే; బొగ్గుపులుసు వాయువును కొలిచే సాధనానికి ఆ తప్పు దొరకదు. ఏ దారిలో ఉందన్న ప్రశ్నకు మాత్రం ఇవన్నీ గాలి కబుర్లు. నిజమైన గాలి కబురు ఒక్కటే, లోపలికి వెళ్లి తిరిగొచ్చిన గాలి మోసుకొచ్చేది.

మనం పీల్చే గాలిలో బొగ్గుపులుసు వాయువు 0.04 శాతం. వదిలే గాలిలో నాలుగైదు శాతం. ఒళ్లంతా తిరిగిన రక్తం ఊపిరితిత్తులకు తెచ్చి దించే సరుకు అది. కడుపుకు ఆ సరుకు లేదు. క్యాప్నోగ్రాఫ్ అనే పరికరం ప్రతి ఊపిరికీ దాన్ని కొలిచి తెర మీద గీత గీస్తుంది. వదిలినప్పుడు పైకి లేచి, గట్టులా కాసేపు నిలిచి, పీల్చగానే నేలకు దిగుతుంది. గట్టు చివర అంకె మామూలు మనిషిలో, పాదరసపు మిల్లీమీటర్ల లెక్కలో, 35 నుంచి 45 దాకా ఉంటుంది. ట్యూబు జారితే గీత నిమిషాల్లో కాదు, మరుసటి ఊపిరికే పడుకుంటుంది. ఆ రాత్రి నా బండిలో అది ఉండి ఉంటే గుడ్డ మార్చిన చోటే తెలిసిపోయేది.

అంత పరికరం కొనలేని చోట రంగు మారే చిన్న డబ్బా ఒకటి దొరుకుతుంది. ట్యూబుకూ బ్యాగుకూ మధ్య తగిలిస్తారు. లోపల మెటాక్రెసాల్ పర్పుల్ పూసిన కాగితం. మన ఇళ్లలో పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది చూడండి, అలాంటి రసాయనమే. సున్నం క్షారం, పసుపు ఎరుపెక్కుతుంది. ఇక్కడ రోగి వదిలిన వాయువు తడితో కలిసి పుల్లనవుతుంది, ఊదా కాగితం పసుపు పచ్చగా మారుతుంది. పీల్చినప్పుడు మళ్లీ ఊదా. ఊపిరి ఊపిరికీ అలా అటూ ఇటూ మారుతూ ఉండాలి. మొదటిసారి పసుపు కాగానే సంబరపడకూడదు. మన వైపు పడిపోయిన మనిషి నోట్లో గోలీసోడా పోసే అలవాటు ఇంకా ఉంది. కడుపులో సోడా ఉన్నా, ట్యూబుకు ముందు మాస్కుతో బ్యాగు నొక్కినప్పుడు వాయువు కడుపులోకి పోయినా, ఆహారనాళంలోని ట్యూబు కూడా మొదటి కొన్ని ఊపిర్లకు రంగు చూపిస్తుంది. అందుకే ఆరు ఊపిర్ల దాకా ఆగాలని పాత నియమం. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు గీత విషయంలో కనీసం ఏడు ఊపిర్లు తగ్గకుండా రావాలన్నాయి. వాంతి పడి కాగితం తడిస్తే అది శాశ్వతంగా పసుపే. మారకుండా నిలిచిపోయిన పసుపు సాక్ష్యం కాదు. పురుగుల మందు తాగినవారి కేసుల్లో ఇది నేను రెండుసార్లు చూశాను.

అంకెలు కావాలన్నవారికి రెండు. ఫ్లోరిడాలోని ఓర్లాండోలో అంబులెన్సు సిబ్బంది ట్యూబు వేసి తెచ్చిన రోగులను ఆసుపత్రి గుమ్మంలోనే పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం 108 మంది (ఆ అంకె చూసి మా బండివాళ్లం అందరం ఉలిక్కిపడ్డాం). వారిలో 27 మందికి ట్యూబు ఉండాల్సిన చోట లేదు. 18 మందికి ఆహారనాళంలో ఉంది. అంటే నలుగురిలో ఒకరు. అదే ప్రాంతం నుంచి 2005లో మరో అధ్యయనం వచ్చింది. దారి పొడుగునా క్యాప్నోగ్రాఫ్ ఉంచిన 93 మందిలో గుర్తించని తప్పు ఒక్కటీ లేదు. ఉంచని 60 మందిలో 14. అదే ఊరి తరహా సిబ్బంది, అదే రకం రోగులు. ఇక ఆసుపత్రుల్లో జరగదని అనుకునేవారికి బ్రిటన్ కథ ఉంది. అక్కడి వైద్యులు 2011లో వెలువరించిన నాలుగో జాతీయ ఆడిట్, ఐసీయూల్లో శ్వాసమార్గపు చిక్కులతో జరిగిన మరణాల్లో 70 శాతానికి పైగా వాటిలో క్యాప్నోగ్రాఫ్ వాడకపోవడం పాత్ర ఉండవచ్చని తేల్చింది. అనుభవజ్ఞులు, వెలుతురు, నిలకడగా ఉన్న మంచం, అన్నీ ఉన్న చోట ఇది. మాకేమో సుంకి ఘాట్, అర్ధరాత్రి, వాన.

నాతో ఎక్కువగా వాదించింది నేను గురువుగా భావించే ఒక మత్తు వైద్యుడు. "ట్యూబు స్వరతంత్రుల మధ్య నుంచి దిగడం నా కళ్లతో చూశానయ్యా, ఇంకేం కావాలి?" అనేవారు. చూడటం మంచిదే, సార్. కానీ కన్ను చూసింది ఒక క్షణాన్ని. మీరు చూసిన తరువాత ప్లాస్టరు వేశారు, స్ట్రెచర్ మీదికి ఎత్తారు, బండిలోకి తోశారు, నేను తల ఎత్తి గుడ్డ మార్చాను. గడ్డం ఛాతీకి ఆనిస్తే ట్యూబు మొన సుమారు రెండు సెంటీమీటర్లు లోపలికి దిగుతుంది, తల వెనక్కి వాలిస్తే అంతే పైకి వస్తుంది. ముక్కు ఎటు పోతే ట్యూబు అటు పోతుంది. మా దారికి మరో పేచీ కూడా ఉంది. కొరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, సాలూరు ఏడు వందల మీటర్లకు పైగా కింద. దిగేకొద్దీ బయటి గాలి ఒత్తిడి పెరిగి, ట్యూబు చివర గాలి నింపిన బుడగ (కఫ్) మెత్తబడుతుంది. కింద చేరాక దాన్ని మళ్లీ చూసుకోవాలి. జయపురంలో మంచం పక్కన చూసిన కన్ను ఇవన్నీ చూడలేదు.

రెండో వాదన ప్రమాదకరమైనది, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. "గుండె ఆగిన మనిషిలో రక్తమే తిరగదు, వాయువు ఎక్కడి నుంచి వస్తుంది? గీత లేకపోతే ట్యూబు తప్పని ఎలా అంటావు?" అంటారు. రక్తం తిరగకపోతే వాయువు తగ్గుతుంది, నిజమే. రంగు కాగితం ఆ కొద్దిపాటిని పట్టుకోలేకపోవచ్చు, అదీ నిజమే. కానీ ఛాతీ మీద సరిగ్గా నొక్కుతున్నంతసేపు రక్తం కొంత తిరుగుతుంది, గీత చిన్నదైనా లేస్తుంది. గీత పూర్తిగా నేలకు అంటుకుంటే మొదట అనుమానించాల్సింది ట్యూబును, రోగిని కాదు. "గుండె ఆగింది కదా" అనే సాకుతో చదునైన గీతను సమాధానపరచుకున్న చోటే మనుషులు పోయారు. గుండె ఆగింది కాబట్టి గీత రాలేదా, గీత రాని ట్యూబు వల్ల గుండె ఆగిందా అని తేల్చుకునే వ్యవధి అక్కడ ఉండదు. గొంతు లోపలికి చూపించే లారింగోస్కోపుతో మళ్లీ చూసి నిర్ధారించుకోలేకపోతే ట్యూబు తీసి మాస్కుతో ఊపిరి ఇవ్వాలి. తీసిన ట్యూబు మళ్లీ వేయవచ్చు.

ఇక డబ్బు. ఈ వాదన మీద నాకు ఓపిక లేదు. రంగు డబ్బా ధర జయపురం నుంచి విశాఖకు ఐసీయూ బండి అద్దె ముందు ఏపాటిది? అరచేతిలో ఇమిడే క్యాప్నోగ్రాఫ్ దొరుకుతోంది, బండిలోని వెంటిలేటర్ ధరలో అది చిన్న ముక్క. బండి మీద తిరిగే నీలం దీపాలకు, పక్కన అంటించే రంగు బొమ్మలకు ఎన్నడూ డబ్బు కరువు రాలేదు.

నిజానికి ట్యూబు మోజు మాది మాత్రమే కాదు. రోగి బంధువులకు కూడా ట్యూబు అంటే పెద్ద వైద్యం, మాస్కు అంటే చేతకానితనం. "ట్యూబు కూడా వేయలేదా?" అని నన్ను ముఖం మీదే అడిగినవారున్నారు. ఇంగ్లండులో 9,296 మంది మీద చేసి 2018లో ప్రచురించిన ఎయిర్‌వేస్-2 పరిశోధనలో, ఆసుపత్రి బయట గుండె ఆగినవారికి గొంతు పైభాగంలోనే కుదురుకునే ఐ-జెల్ అనే సాధనం వేసినా, శ్వాసనాళంలోకి ట్యూబు వేసినా, నెల తరువాతి ఫలితంలో తేడా తేలలేదు. కొంతమందికి ట్యూబే కావాలి; ఆ అమ్మాయికి కావాలి, అన్ని రోజులు మాస్కుతో గడవదు. కావలసినవారికి వేయండి, కొలుస్తూ వేయండి. కొలవలేని చోట మాస్కూ, ఓపికా ఉన్న ఇద్దరు మనుషులు చాలు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మా పనికే పుట్టినట్టుంటుంది.

మా వైపు ప్రత్యేకమైన ఇబ్బంది చేతులు మారడం. జయపురంలో నర్సు ఒడియాలో చెబుతుంది, చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, విశాఖలో పుచ్చుకునేవారు తెలుగులో అడుగుతారు, రోగి తల్లి కొన్నిసార్లు దేశియా తప్ప మరో మాట ఎరగదు. ఇన్ని భాషల మధ్య "ట్యూబు బాగానే ఉంది" అనే వాక్యం ఎక్కడ బయల్దేరి ఎక్కడ తేలుతుందో చెప్పలేము. గీతకు భాష లేదు. అందుకే ఇప్పుడు నేను మంచం దగ్గరే ఆసుపత్రివారి ఎదురుగా పరికరం తగిలిస్తాను. పళ్ల దగ్గరి సెంటీమీటరు, గీత చివరి అంకె, గడియారంలో సమయం, మూడూ చీటీ మీద రాసి ఇద్దరం సంతకం పెడతాము. సంతలో కాటా ముల్లును ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ చూస్తారు కదా. స్ట్రెచర్ మీదికి ఎత్తాక ఒకసారి, బండిలో పెట్టాక ఒకసారి, సుంకి దగ్గర ఒకసారి తెర వైపు చూసి అంకె పైకి చదువుతాను. బాబాయ్ ముందు నుంచి "ఆఁ" అంటాడు. మెడకు కాలర్ వేస్తాను, మెడ విరిగిందని కాదు, తల కదలకూడదని. ప్లాస్టరును నమ్మడం మానేశాను. గాజుగుడ్డ పీలికతో ట్యూబును కట్టి, పీలికను మెడ చుట్టూ ముడివేస్తాను.

అన్నిటికన్నా గట్టిగా పేచీ పడాల్సి వచ్చేది చివరి గుమ్మం దగ్గరే. చేరిపోయామన్న ధీమాలో అందరి చేతులూ ఒక్కసారిగా పడతాయి. ఒకరు స్ట్రెచర్ లాగుతారు, ఒకరు సెలైన్ అందుకుంటారు, ఒకరు మా పరికరాన్ని పీకి పక్కన పెట్టి వారి వెంటిలేటర్ తగిలిస్తారు. రోగిని ఒక మంచం మీది నుంచి మరో మంచం మీదికి మార్చే ఆ రెండు నిమిషాలే ట్యూబు జారడానికి అనువైన సమయం. సరిగ్గా అప్పుడే గీత ఉండదు. ఒకసారి ఒక కుర్ర డాక్టరు నా చేతిని తోసేసి, "మీ పని అయిపోయింది, వెళ్లండి" అన్నాడు. మంచం మీదికి మార్చి, మీ తెర మీద గీత కనిపించేదాకా నా డబ్బా తీయను అన్నాను. అందరి ముందూ తిట్టాడు. నేనూ రెండు మాటలు అన్నాను, అనవలసింది కాదు. వారి తెర మీద 38 వచ్చింది. డబ్బా తీసుకుని, చీటీ మీద సంతకం పెట్టమని ముందుకు చాపాను. చూడకుండానే గీకాడు.

మా యజమానిని ఆరు నెలలు వేధిస్తే రెండు బండ్లకు రెండు పరికరాలు వచ్చాయి. మూడో బండికి ఇంకా రాలేదు. ట్యూబు ఉన్న రోగిని ఆ బండిలో పంపమని అడిగితే, మిగతా రెండింటిలో ఒకటి తిరిగి వచ్చేదాకా ఆగమని ఆసుపత్రులకు ఫోనులో చెబుతున్నాను. పోయిన వారం ఒకరు వాక్యం పూర్తి కాకముందే ఫోను పెట్టేసి వేరే బండి పిలుచుకున్నారు. ఆ బండిలో ఏముందో నేను అడగలేకపోయాను.